గోనెసంచి చిల్లు

“ఏప్రిల్ నెల పందొమ్మిదో తేదీ, శనివారం. ఆ పొద్దు గ్రహణం పట్టి ఉండంగానే మీరు బొరుగులు తిన్నారు అన్నయ్యగారూ. బొరుగులు, బెల్లం, వేయించిన చెనక్కాయలు. మీరు తినింది చాలక బడిపిల్లలందరి చేతా తినిపించినారు. అవునా, కాదా?”

మాలకొండమ్మ గడపకు అవతలే నిలబడి అడిగింది. మనుబోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి, వచ్చి గంటవుతున్నా ఇంకా కూర్చోలేదు. కోడలు పెంచలమ్మ తెచ్చి పెట్టిన మంచినీళ్ల చెంబు గడప పక్కన అట్లాగే ఉంది.

“తిన్నాం చెల్లెమ్మా,” అన్నాడు జయరామయ్య.

కాదనడానికి ఏముంది? ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై ఒక్క మంది, ఆయన, బడి వెనకాల తాటాకు పాక. సముద్రం మీద నుంచి ఎండ ఏటవాలుగా వచ్చి పాక కప్పులోని చిల్లుల్లోంచి దిగింది. నేలంతా చిన్న చిన్న కొడవళ్లు పరిచినట్టు వెలుగు. పైకి చూడొద్దు, కింద చూడండి అని ఆయన అరుస్తుంటే పిల్లలు నేల మీద బోర్లా పడుకొని ఆ కొడవళ్లను లెక్కపెట్టారు. ఆకలవుతున్నదని ఒకడన్నాడు. గ్రహణంలో తింటే ఏమీ కాదని చెప్పడం కంటే తిని చూపించడం సులువనిపించింది. జీవితంలో తాను చెప్పిన పాఠాలన్నిటిలోకీ ఆ పాఠమే బాగా చెప్పానని ఆయన ఆరు నెలలు సంతోషపడ్డాడు.

అక్టోబరులో ఆయన కూతురు పెంచలమ్మకు మగబిడ్డ పుట్టాడు. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. గ్రహణమొర్రి.

“అది తిన్నందుకు కాదులేమ్మా,” అన్నాడు అల్లుడు ఓబులేసు, గోడకు ఆనుకొని, తల్లి వంక చూడకుండా. “చూసినందుకు గదా ఇదంతా.”

“నువ్వు నోరు మూసుకో అబ్బయా. నేను వరసగా అడుగుతా ఉండా.”

ఓబులేసు చొక్కాజేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. నెల్లూరు మిషను ఆసుపత్రివాళ్లు ఇచ్చింది. బిడ్డ పెదవి కుట్టడానికి మదరాసు నుంచి సర్జను మంగళవారం వస్తాడు. ఆ కాగితం మీద బిడ్డ తండ్రి సంతకం ఉండాలి. ఈ మంగళవారం తప్పితే ఆ సర్జను మళ్ళీ వచ్చేది వేసవికే. అప్పటిదాకా బిడ్డ ఉగ్గుగిన్నెతో పోసిన పాలు సగం మింగి, సగం ముక్కులోంచి కార్చుకుంటూ బతకాలి. బతికితే.

ఇవాళ ఆదివారం. కాగితం జేబులోంచి బయటికి రాలేదు.

వియ్యంకుడు రంగనాయకులు అరుగు మీద స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. గుబురు మీసం, నోటికి అడ్డంగా కండువా కొస, ముక్కుతో పలికే రెండు మూడు మాటలు. నశ్యం పీల్చి పీల్చి ఆ గొంతు అట్లా అయిందని ఊళ్లో అనుకుంటారు.

“గ్రహణానికి ముందురోజు నేనే గదా వచ్చినా,” మాలకొండమ్మ గొంతు పెంచింది. “మూడో నెల కడుపుతో పుట్టింట్లో ఉండాది, తల్లి లేని ఇల్లు, ఈ మొగమనిషికి ఏం తెలుసులే అని పనులన్నీ వదిలిపెట్టి నేనే వచ్చినా. ఆ గదిలో పడుకోబెట్టి, కిటికీకి గోతాలు కట్టి, సందుల్లో గుడ్డలు కుక్కి, తలుపు బయట పీట వేసుకొని కూర్చున్నా. మూడు గంటలు. మంచినీళ్లు కూడా తాగలా. నా కాపలాలోనే ఇది గ్రహణం చూసింది. ఎట్టా చూసిందో మీరే చెప్పండి, చదువుకున్నోళ్లు.”

జయరామయ్యకు ఎట్లా చూసిందో తెలుసు. తెలిసి పదిహేను రోజులే అయింది.

“నేను చెప్తా అత్తా.”

లోపలి గది గుమ్మంలో పెంచలమ్మ నిలబడి ఉంది. భుజం మీద బిడ్డ, చేతిలో వెండి ఉగ్గుగిన్నె. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆమెకు పాలు పట్టిన గిన్నె అదే. జయరామయ్య పెట్టె అడుగు నుంచి తీసి, చింతపండుతో తోమి ఇచ్చాడు. మూతి సన్నంగా, వంపుగా ఉండే ఆ గిన్నెతో నాలుక వెనక్కి పాలు ఎట్లా జార్చాలో ఆసుపత్రిలో ఎలిశబెతు అనే నర్సమ్మ నేర్పింది. తన డ్యూటీ అయిపోయాక కూడా రెండు గంటలు కూర్చొని నేర్పింది. ఆ పుణ్యాత్మురాలు పూటపూటా మనసులోకి వస్తుంది ఆయనకు.

“గోతం కట్టింది నువ్వే అత్తా. దాంట్లో చిల్లుంది. చెనక్కాయ గింజ పట్టేంత చిల్లు. గదంతా చీకటి చేసినావు. ఎదురు గోడ మీద తెల్లగా నెలవంక పడింది. కదలా మెదలా. నేను లేచి యాడికీ పోలా. అదే నా కాడికి వచ్చింది.”

“వస్తే?”

“చేయి పట్టినా.”

బిడ్డ ముక్కుతో ఈల వేసినట్టు ఊపిరి తీశాడు.

“కళ్లు మూసుకోవాల్నని తెలీదా నీకు?”

“తెలుసు. కానీ ముద్దొచ్చింది అత్తా. గది ఎంత చీకటైతే బొమ్మ అంత తేటగా పడుతుందని నాయన చెప్పేవాడు. నిజంగానే పడిందే అని… అరచేతిలోకి తీసుకున్నా.” ఆమె ఓబులేసు వైపు చూసింది. “ఆ మాట ఈయనకొక్కడికే చెప్పినా. సంతోషం పట్టలేక చెప్పినా.”

ఓబులేసు తల వంచుకున్నాడు. ఆ మాట తల్లికి చేరవేసింది అతనే.

జయరామయ్య కూతురి అరచేయి వంక చూశాడు. పదిహేను రోజుల కిందట ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు గుండె ఝల్లుమనలేదు. గర్వపడ్డాడు. చీకటి గదిలో బంధించినా తన పాఠం వెతుక్కుంటూ పోయి కూతుర్ని చేరిందని, ఒక్క క్షణమే అయినా, పొంగిపోయాడు. ఆ ఒక్క క్షణాన్ని తలచుకొని ఇప్పటికీ సిగ్గుపడుతున్నాడు. అంతకంటే సిగ్గు ఇంకొకటుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి బిడ్డ ముక్కు ఈల వినబడినప్పుడు, ఒకవేళ అనే మాట మనసులో మెదులుతుంది. ఇరవై రెండేళ్లు సైన్సు చెప్పినవాడి మనసులో.

“చెల్లెమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఆ పొద్దు ఈ జిల్లాలో ఎంతమంది కడుపుతో ఉన్నారో. పొలాల్లో కలుపు పీకుతూ, ఉప్పుమళ్లలో పని చేస్తూ ఎంతమంది ఆ ఎండలోనే తిరిగారో. వాళ్ల బిడ్డలంతా…”

“వాళ్ల సంగతి నాకెందుకు? వాళ్లకి ఇట్టాంటి నాయన లేడు. మా తోట నిమ్మకాయలు గంపెడు పంపిస్తే దీపం ముందర పెట్టి, ఇది భూమి, ఇది చంద్రుడు అని పిల్లలకి ఆట చూపించినారంట గదా! పచ్చడి పెట్టుకోండని పంపించినా నేను. గ్రహణాలు పట్టించమని కాదు.”

ఇంకో సమయంలో అయితే ఆ మాటకు జయరామయ్య నవ్వేవాడు. అరుగు మీద రంగనాయకులు కండువా కొస నోటికి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు.

“ఇప్పుడు నన్నేం చేయమంటావో చెప్పమ్మా.”

“రేపు సోమవారం. బడిలో ప్రార్థన చేస్తారు గదా పది గంటలకి. అందరూ ఉంటారు. ఆ పిల్లల ముందర నిలబడి చెప్పండి. గ్రహణం గురించి నేను చెప్పింది తప్పు, నా మనవడికి గ్రహణం వల్లే మొర్రి వచ్చింది అని, ఆ ఒక్క మాట చెప్పండి. మేమూ వచ్చి వింటాం. చెప్పిన మరుక్షణం వీడు సంతకం పెడతాడు. శాంతి చేయించి, బిడ్డకి పేరు పెట్టి, కోడల్ని నేనే చెయ్యి పట్టుకొని తీసుకపోతా. నా మనవడు కాదా వాడు? నాకు కడుపు తరుక్కపోలేదా?”

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతు నిజంగానే బొంగురుపోయింది. అది అబద్ధం కాదని జయరామయ్యకు తెలిసింది. అందువల్ల కోపం తెచ్చుకోవడం ఇంకా కష్టమైంది.

“చెప్పకపోతే?”

“దేవుడు పెట్టిన గుర్తు మీద కత్తి పెట్టనీయం.”

“ఓబులేసూ,” అని జయరామయ్య అల్లుడి వైపు తిరిగాడు. “నీ బిడ్డయ్యా. నువ్వేమంటావు?”

ఓబులేసు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. కాగితం చప్పుడైంది. “ఒక్క మాటే గదా మామా,” అన్నాడు.

మాలకొండమ్మ ఆ ఊళ్లోనే ఉన్న పినతల్లి ఇంటికి బయలుదేరింది. ఈ ఇంట్లో మెతుకు ముట్టనని ముందే చెప్పింది. కొడుకు వెంట నడిచాడు. రంగనాయకులు మాత్రం మోకాలు పట్టేసిందని లేవలేదు. ఆమె మొగుడి వంక ఒకసారి తేరిపార చూసి, వెళ్లిపోయింది.

*

సాయంత్రం పొయ్యి ముందు పెంచలమ్మ కూర్చొని ఉంటే జయరామయ్య బిడ్డను ఒళ్లో వేసుకున్నాడు. బరువు పెరిగాడు. పోయిన వారం ఆసుపత్రి తూకంలో కుట్టడానికి ఈ మాత్రం చాలన్నారు. ఆ మాట విన్న రోజు తండ్రీకూతుళ్లు దారిలో మిఠాయి కొనుక్కొని తిన్నారు.

“చెప్పెయ్ నాయనా,” అంది పెంచలమ్మ, పుల్లలు లోపలికి తోస్తూ.

ఆయన సరిగా వినలేదేమో అనుకున్నాడు.

“చెప్పెయ్. అబద్ధమే గదా. ఒక్క మాట.”

“నువ్వేనా అంటున్నావు?”

“నేను గాక ఇంకెవురు అనాల?”

పోయిన శీతాకాలంలో రష్యావాళ్లు ఆకాశంలోకి వదిలిన చుక్క ఈ తీరం మీదుగా పోతుందని పేపర్లో చదివి, పుట్టింటికి వచ్చిన ఈ పిల్లనూ, బడిపిల్లలనూ వెంటబెట్టుకొని ఇసుకలో రెండు సాయంత్రాలు ఎదురుచూశాడు ఆయన. మొదటిరోజు కనబడలేదు. రెండో రోజు అందరికంటే ముందు వేలెత్తి చూపింది పెంచలమ్మే.

“ఆ ముప్పై ఒక్క మందిలో ఆడపిల్లలు తొమ్మిదిమందమ్మా,” అన్నాడు. “ఇంకో ఆరేడేళ్లలో వాళ్లూ కడుపుతో ఉంటారు. గ్రహణాలూ వస్తాయి. వాళ్లలో ఒక్కరికి బిడ్డ ఇట్లా పుట్టిందంటే, అయ్యవారే చెప్పారు గదా అని ఆ పిల్లని నలుగురూ కలిసి చంపేస్తారు. కత్తి అక్కర్లేదు. నా మాట చాలు.”

కుండలో అన్నం ఉడుకు పట్టి మూత ఎగిరెగిరి పడింది. పెంచలమ్మ మూత పక్కకు జరిపింది.

“నీ తొమ్మిదిమందికీ ఇంకా బిడ్డలు లేరు నాయనా,” అంది. “నాకుండాడు.”

జయరామయ్య బిడ్డ ముఖం వంక చూశాడు. “సరేలే,” అన్నాడు. “చెప్తాను.”

బిడ్డ ఆయన చూపుడువేలు పట్టుకొని వదలలేదు. ఆ పట్టు మాత్రం గట్టిదే. దానికి ఏ లోపమూ లేదు.

*

చీకటి పడగానే రంగనాయకులుకు అరుగు మీదే విస్తరి వేశారు. పెంచలమ్మ అన్నం మెత్తగా పిసికి, పప్పు పలచగా చేసి వడ్డించింది. తర్వాత లాంతరు దగ్గరికి వంగి, వత్తి బాగా తగ్గించింది. మామ ముఖం చీకట్లోకి పోయింది. లోపలికి వెళ్లింది.

“దీపం ఎందుకమ్మా తగ్గించావు?” అని జయరామయ్య కేకవేశాడు.

“మామ తినేటప్పుడు ఇట్టాగే ఉండాల నాయనా,” అని లోపలి నుంచే అంది ఆమె. “కాపురానికి పోయిన కొత్తలోనే చూసినా.”

విస్తరి ముందు ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

రంగనాయకులు తిన్నాడు. నీళ్లు పైనుంచి కొద్దికొద్దిగా పోసుకొని, ప్రతి గుక్కకూ ఆగి తాగాడు. చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు లాంతరు తన దగ్గరికి లాక్కొని, తనే వత్తి పెద్దది చేశాడు.

“అమ్మాయికి తెలుసు బావా,” అన్నాడు ఆ ముక్కుగొంతుతో. “తెలిసి కూడా మా ఆడది అన్ని మాటలంటా ఉంటే ఒక్క మాట బయటపెట్టలా.”

“ఏం తెలుసు?”

రంగనాయకులు రెండు వేళ్లతో మీసం పైకెత్తాడు.

పై పెదవి మధ్య నుంచి ముక్కుదాకా తెల్లటి గీత. అటూ ఇటూ కుట్టు పడిన చుక్కలు. యాభై ఏళ్ల నాటి కుట్టు. వంకరగా అతుక్కుంది గానీ గట్టిగా అతుక్కుంది.

జయరామయ్య లాంతరు మరికాస్త దగ్గరికి తెచ్చి చూశాడు.

“మా అమ్మ నన్ను చంకనేసుకొని ఎద్దులబండిలో నెల్లూరు పోయిందంట. ఎవురో దొరసాని డాక్టరు కుట్టింది. ఊళ్లో మాత్రం ఎద్దు కొమ్ము తగిలిందని చెప్పింది మా అమ్మ. మీసం వచ్చిందాకా అదే మాట. ఆమెని ఎవురూ సంతకం అడగలా.”

“చెల్లెమ్మకి?”

“తెలుసు. పెండ్లయిన మూడోనాడే చూసింది.”

“ఓబులేసుకి?”

“లేదు. పిల్లలకి తెలియనీయలా.”

“తెలిసీ,” అన్నాడు జయరామయ్య లాంతరు కింద పెట్టి, “తెలిసీ నా కూతురు చెయ్యి పట్టిందనీ, నేను బొరుగులు తిన్నాననీ…”

“మా చిన్నకూతురికి గూడూరు సంబంధం కుదిరింది గదా బావా, మాఘంలో పెండ్లి. పెండ్లికొడుక్కి మీ హెడ్మాస్టరు పద్మనాభయ్యగారు సొంత పెదనాయన. వాళ్లు అడిగినారు, బిడ్డకి మొర్రి అంట గదా, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవురికైనా ఉందా అని. మా ఆడది గ్రహణం అనింది. వాళ్లు నమ్మీ నమ్మనట్టు ఊరుకున్నారు. రేపు నువ్వు, సైన్సు అయ్యవారివి, ఆయన ముందర ఆ మాట అంటే…” రంగనాయకులు ఆగాడు. “ఇంక అడిగేవాడు ఉండడు.”

అయితే పిల్లల కోసం కాదన్నమాట. ఆ ముప్పై ఒక్క మందీ వట్టి సాక్షులు. వినవలసిన చెవి ఒక్కటే.

“బావా, ఒకటి అడుగుతా,” రంగనాయకులు చిన్నపిల్లవాడిలా అడిగాడు. “నేను పుట్టింది శోభకృతు సంవత్సరం, మార్గశిరం. నేను కడుపులో ఉన్నప్పుడు ఏదన్నా గ్రహణం పట్టిందేమో లెక్కగట్టి చెప్పగలవా? ఇన్నేళ్లూ అదే అనుకుంటా వచ్చినా. అదే అయితే మా వంశానికి మచ్చ లేదు. బిడ్డ దోషం నాది కాదు.”

జయరామయ్య అతని ముఖం చూశాడు. కోపం ఎక్కడో ఉంది గానీ చేతికి దొరకలేదు.

“గ్రహణం లేని ఏడాది ఉండదు బావా,” అన్నాడు. “వెతికితే ఏదో ఒకటి ఎవరికైనా దొరుకుతుంది. నీకూ దొరుకుతుంది. నాకూ దొరుకుతుంది. దొరికిందని చెప్పమంటావా?”

రంగనాయకులు తల అడ్డంగా ఊపాడు.

“నీలో ఉన్నది వాడికి వచ్చి ఉండొచ్చు. రాకపోయీ ఉండొచ్చు. డాక్టర్లకే తెలీదంటున్నారు. దోషం మాత్రం ఎవరిదీ కాదు. నాకు తెలిసింది అంతే.”

“నువ్వు రేపు ఈ సంగతి బయట పెట్టుకోవచ్చు. నేను అడ్డం రాను.”

“పెట్టను,” అన్నాడు జయరామయ్య. ఆ మాట తన నోటి నుంచి అంత తొందరగా ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియలేదు. దీపం తగ్గించిన పిల్ల లోపల ఉంది. దాని ముందు ఇంకోరకంగా ఉండడం ఆయన వల్ల కాదు. “నీ మీసం కింద ఉన్నది చెప్పాల్సింది నేను కాదు.”

లోపల పెంచలమ్మ బిడ్డకు పాలు పోస్తున్న చప్పుడు, వెండిగిన్నె అంచు గోటికి తగిలిన చప్పుడు.

“మా అమ్మ పోయినప్పుడు అందరూ తిట్టినారు,” అన్నాడు రంగనాయకులు. “తల్లి పోతే మీసం తీయని కొడుకు యాడన్నా ఉంటాడా అని. గుండు చేయించుకున్నా గానీ మీసం ముట్టనీయలా. నాలుగూళ్ల మంగళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. అమ్మకి కూడా తీయలా బావా.”

జయరామయ్య విస్తరి తీయబోతే అతను చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వు రోజూ గడ్డం గీసుకుంటావు గదా.”

“గీసుకుంటాను.”

“ఆ సామాను ఒకసారి ఇస్తావా?”

జయరామయ్య అతని కళ్లలోకి చూశాడు. అక్కడ తెగింపు ఉందో, భయం ఉందో లాంతరు వెలుగులో తేలలేదు. రెండూ ఉన్నాయేమో. ఇస్తే తెల్లారి ఓబులేసు తండ్రి పెదవి మీది కుట్టు చూస్తాడు. కానీ గూడూరు పెళ్లి ఏమవుతుంది, మాలకొండమ్మ ఏం చేస్తుంది, తెల్లారేదాకా ఈ మనిషికి ఈ ధైర్యం నిలబడుతుందా? ఇవ్వకపోతే పది గంటలకు బడి ప్రార్థనలో తాను నిలబడవలసిన చోటు ఎట్లాగూ ఉంది.

లోపలికి వెళ్లాడు. గూట్లోంచి రేజరు, సబ్బుబిళ్ల, బ్రష్షు తీశాడు. మేకుకు తగిలించిన చిన్న అద్దం తీసి తువ్వాలుతో తుడిచాడు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోశాడు. పొయ్యి పక్కన బిడ్డను జోకొడుతున్న పెంచలమ్మ ఆ నీళ్లు చూసింది, అద్దం చూసింది. ఆమె చెయ్యి ఒక్క క్షణం జోకొట్టడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

అన్నీ తీసుకెళ్లి అరుగు మీద రంగనాయకులు ముందు వరసగా పెట్టాడు. అద్దాన్ని స్తంభానికి ఆనించి నిలబెట్టాడు. సముద్రం గాలి విసురుగా వస్తున్నదని లాంతరును ఆ పక్కకు జరిపాడు.

“పదునుందా?” అని అడిగాడు రంగనాయకులు.

“ఉంది. నిన్ననే కొత్త బ్లేడు వేశాను.”

జయరామయ్య లోపలికి వచ్చి, బిడ్డకు నిద్ర చెడకుండా, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.